బరువు చూసి కొన్న పవర్ సప్లై

మేడమీద గది,
రైలు పట్టాల పక్క సందు

నా బుడ్డోడికి,

అమ్మమ్మ రాస్తున్నాను. దీన్ని నీకంటే ముందు చదివే జైలు ఆఫీసరు బాబుగారికి కూడా దండాలు. నా రాత కోడి గీకినట్టు ఉంటుంది, బాబుగారు ఏమీ అనుకోవద్దు.

నిన్ను చూసి వచ్చిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఆ ఇనుప జాలీ అవతల నుంచి నవ్వుతూ ఏమన్నావు? "బయటికి రాగానే ముందు బావ దగ్గరికే అమ్మమ్మా. పోయినసారి దవడతో వదిలేశాను" అన్నావు. దారిపొడవునా బస్సులో వాంతులే. కండక్టరు సంచీ ఇచ్చి "ఎండ దెబ్బా పెద్దమ్మా?" అన్నాడు. అవునన్నాను. ఏం చెప్పను?

బావ అక్క చెయ్యి విరిచాడని తెలిసి నువ్వు వాడు పనిచేసే ఐసు ఫ్యాక్టరీకి పరిగెత్తిన రోజు నేనూ నీ వెనకే వచ్చాను కదా. బావ మొహాన్ని ఐసు దిమ్మకేసి కొడుతుంటే ఆ దిమ్మ లోపలిదాకా ఎర్రబడింది. దవడ ఊగిపోతోంది, పళ్ళు ఐసు ముక్కల్లో కలిసిపోయాయి, ఏది ఏదో తెలియలేదు. నలుగురు పట్టుకుంటే గానీ నువ్వు ఆగలేదు. వాడు బతికాడు కాబట్టి నీకు ఇంతతో పోయింది. ఈసారి చంపేశావంటే నువ్వు తిరిగొచ్చేసరికి నేను ఉండను. అక్కకి ఎవరూ ఉండరు. నా భయం అదొక్కటే. అదొక్కటే అంటే, గ్యాసు కారుతుందేమో, మెట్ల మీద జారతానేమో, అవీ ఉన్నాయనుకో. పెద్దది మాత్రం అది.

అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. నీ బట్టల సంచీ కోసం నువ్వు పనిచేసిన కంప్యూటర్ షాపుకి వెళ్ళాను. నీతోపాటు రిపేర్లు చేసే కళ్ళజోడు ఉన్నాడు. చెవులకి డిప్పలు పెట్టుకుని తుపాకుల ఆట ఆడుతున్నాడు. బాబూ అంటే పలకడు. అరిచాను. భుజం పట్టి కుదిపాను. "ఆగు పెద్దమ్మా, ఒక్కడు మిగిలాడు" అన్నాడు. పక్కన టీ మీద మీగడ కట్టేసింది. షాపుకి నిప్పంటుకున్నా లేచేలా లేడు. అప్పుడు తట్టింది నాకు. ఇలాంటిదొకటి మన గదిలో ఉంటే నువ్వు గడప దాటవు. ఎంతమందిని చంపాలనిపిస్తే అంతమందినీ అందులోనే చంపుకో. కూర్చో, కాల్చు, తిట్టు. టీ నేనిస్తాను.

"తయారుగా ఉన్నది మీరు కొనలేరు. ముక్కలు ముక్కలుగా కొని బిగించుకోవాలి. కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రామ్‌గా లైనక్స్ వేసుకుంటే దానికి పైసా ఇవ్వక్కర్లేదు. ఏ ముక్క ఏ ముక్కతో కలుస్తుందో మీవాడినే అడగండి, వాడిని మించినవాడు లేడు" అన్నాడు కళ్ళజోడు. అడుగుతున్నాను. గొలుసు అమ్మేశాను, దాని గురించి మాట్లాడకు.

అమ్మమ్మ

*

సెంట్రల్ జైలు,
వడ్రంగి షెడ్డు

అమ్మమ్మా,

నీకు మతి పోయిందా? గొలుసు అమ్మావా? ఆటల పెట్టె కోసమా? నేనేమైనా పాలు తాగే పిల్లాడినా?

నిన్న భోజనాల దగ్గర కూర గరిటె కోసం గొడవైంది. మా బ్యారక్‌లోని తాపీమేస్త్రీ ఒకడి చెవి కొరికి ఉమ్మేశాడు. ఆ ముక్కని కాకి ఎత్తుకుపోయింది. చెవి పోయినవాడు కాకి వెనక పరిగెత్తాడు. అందరం నవ్వాం, నేనూ నవ్వాను. ఇలాంటిచోట బతికేవాడికి బొమ్మ తుపాకులు ఇస్తానంటున్నావు.

అయినా నువ్వు మొండిదానివి, ఎలాగూ కొంటావు. ఎవడో మోసం చేస్తాడని రాస్తున్నాను, అంతే.

ముందు ప్రాసెసర్. ఆరు కోర్లది చాలు, పోయిన తరానిది. అది కూర్చునే గుంటని సాకెట్ అంటారు, అది బోర్డు మీద ఉంటుంది. రెండిటి మీదా ఒకే సాకెట్ పేరు ఉండాలి. కొన్ని బోర్డులకి సాకెట్ సరిపోయినా, లోపల బయాస్ అనే ప్రోగ్రామ్ పాతదైతే ప్రాసెసర్‌ని గుర్తుపట్టవు. షాపులోనే వెలిగించి చూపించమను. ర్యామ్ కూడా బోర్డు ఏ రకం అడిగితే ఆ రకమే. వేరేది బలవంతంగా నొక్కితే గాడి విరుగుతుంది. అక్కకి మొగుణ్ణి చూసినప్పుడు ఎవరైనా ఇన్ని అడిగారా? పోనీలే.

తెర మీద బొమ్మలు వేసేది గ్రాఫిక్స్ కార్డు. దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ లైనక్స్‌లో ముందే ఉండాలి. కళ్ళజోడుతో "ఎర్ర డబ్బాది, సెకండ్ హ్యాండ్" అను, వాడికి తెలుస్తుంది. వాడు ఆడే ఆ ఆట మాత్రం మనకి నడవదు. దొంగాట పట్టే కాపలా ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది, అది లైనక్స్‌ని లోపలికి రానివ్వదు.

అన్నింటికంటే ముఖ్యం పవర్ సప్లై. అందరికీ కరెంటు పంచేది అదే. అక్కడ పిసినారితనం చూపిస్తే మిగతావన్నీ మాడిపోతాయి. తేలిగ్గా ఉన్నది ముట్టుకోకు. మంచిదైతే చేతికి బరువు తెలుస్తుంది.

నీ కోసమే రాశాను. నా మాట మాత్రం మారదు.

బుడ్డోడు

(కింద ఎర్ర సిరాతో:) పెద్దమ్మా, ర్యామ్ ఒకే ముక్కగా కాకుండా సగం సగం రెండు ముక్కలు కొనండి. వేగం పెరుగుతుంది. — ఉత్తరాలు చూసే ఆఫీసరు.

*

మేడమీద గది,
రైలు పట్టాల పక్క సందు

బుడ్డోడికి,

ఆఫీసరు బాబుగారికి వేవేల దండాలు. మీ పిల్లలు చల్లగా ఉండాలి. ర్యామ్ రెండు ముక్కలే తీసుకున్నాను.

ప్రాసెసరు, బోర్డు వచ్చాయిరా. ప్రాసెసరు ఇంత పెద్దదనుకున్నాను, బిస్కెట్టంత ఉంది. కింద సన్నటి సూదులు, ఒక్కటి వంగినా పోతుందట. ఊపిరి బిగబట్టి తెచ్చాను. ఆటో గతుక్కి ఎగిరినప్పుడల్లా ఆటో అతన్ని తిట్టాను. "ఏముందమ్మా అందులో, గుడ్లా?" అన్నాడు. కార్డు, ఒక పాత తెర, అన్నీ బిగించే ఖాళీ పెట్టె కళ్ళజోడు వెతికి ఇచ్చాడు. వెలిగించి చూపించమంటే చూపించి, మళ్ళీ ఊడదీసి ఇచ్చాడు. డబ్బాలన్నీ మంచం కింద చీర కప్పి దాచాను. రోజూ చీర ఎత్తి చూసుకుంటున్నాను, చీమలు పడతాయేమోనని.

కానీ ఆ ఆట నడవదంటే ఎలా? మరి ఎవరిని చంపుతావు? కళ్ళజోడుని అడిగితే చచ్చి లేచిన శవాలని కాల్చే ఆట ఉంది, అది లైనక్స్‌లో నడుస్తుంది అన్నాడు. శవాలైతే మరీ మంచిది, ఎవరికీ పాపం తగలదు.

పవర్ సప్లై షాపులో ఉన్నవి చేతికి తేలిగ్గా అనిపించాయి. సంత వీధిలో తోపుడుబండి మీద ఒకటి దొరికింది. ఎత్తితే మణికట్టు లాగేసింది. ఇటుక కంటే బరువు. నువ్వు చెప్పినట్టే బరువు చూసే కొన్నాను. ఎంత గట్టిదో! వెనక వైర్ల జడ కూడా ఉంది. డబ్బా మీద సింహం బొమ్మ.

ఇక్కడంతా క్షేమం. అక్క చెయ్యి కూడుకుంది. పనికి పోవడం లేదు, ఇంట్లోనే ఉంటోంది, నాతోపాటు చొక్కాలకి కాజాలు కుడుతోంది. బావ ఎక్కడున్నాడో ఏమో, మాకు కనబడలేదు. తలుపుకి కొత్త గడియ పెట్టించాను, గాలికి ఊరికే కొట్టుకుంటోందని.

నువ్వు ఎవరి జోలికీ పోకు. కూర గరిటె దగ్గర నిలబడకు. చివర్లో తిను.

అమ్మమ్మ

*

సెంట్రల్ జైలు,
వడ్రంగి షెడ్డు

అమ్మమ్మా,

ఆ సింహం బొమ్మది వాడొద్దు. కరెంటుకి కలపొద్దు. బరువు చూడమన్నది షాపులో కొనేవాటికి. బండి మీద అమ్మేవాళ్ళు ఖాళీ డబ్బాలో సిమెంటు పోసి మూస్తారు. నా చేత్తో విప్పి చూశాను అలాంటివి. వేలెడంత పలక ఒకటి, మిగతాదంతా సిమెంటు. కార్డు మీద భారం పడగానే భగ్గుమంటుంది. గదికి నిప్పంటుకుంటుంది. తిరిగి ఇచ్చెయ్. కళ్ళజోడు చూపించినవాట్లో బరువైనది తీసుకో. తప్పు నాదే, సగం చెప్పాను.

ఇంక రెండో సంగతి. గాలికి తలుపు కొట్టుకుంటే ఎవరైనా గడియ మారుస్తారా? పని మానని అక్క ఎందుకు మానేసింది?

ఐసు ఫ్యాక్టరీ లోడరు ఒకడు కొత్తగా ఇక్కడికి వచ్చాడు. బావ సంగతి అడిగితే తెలియదన్నాడు. మా షెడ్డులో చెక్కని బిగించే వైజు ఉంటుంది. వాడి చెయ్యి అందులో పెట్టి పిడి తిప్పాను. రెండో వేలు చిట్లిన చప్పుడు వచ్చాక తెలుసన్నాడు. బావ ఐసు కొక్కెం నడుముకి కట్టుకుని మన సందులో తిరుగుతున్నాడట. మెట్లెక్కాడట.

నాకు అబద్ధాలు రాయకు. నిజం రాయి.

బుడ్డోడు

(ఎర్ర సిరాతో:) ఆ చేతి పనికి ఇతన్ని ఒంటరి గదిలో పెట్టాం. విడుదల మాత్రం వానలు మొదలయ్యేసరికే, మార్పు లేదు. అమ్మా, నిజమే రాయండి. దాచితే వీడు ఇంకా పాడవుతాడు.

*

మేడమీద గది,
రైలు పట్టాల పక్క సందు

బుడ్డోడికి, ఆఫీసరు బాబుగారికి,

నిజమే రాస్తున్నాను.

గడియ మార్చకముందు ఒక మధ్యాహ్నం నేను కాజాలు కుడుతున్నాను, అక్క తల దువ్వుకుంటోంది. తలుపు చెక్కలోంచి కొక్కెం ముక్కు ఇవతలికి వచ్చింది. రెండుసార్లు గుంజితే పలక ఊడింది. బావ వచ్చి అక్క జుట్టు మణికట్టుకి చుట్టుకుని మెట్ల మీదుగా ఈడ్చాడు. ప్రతి మెట్టుకీ దాని గడ్డం తగిలిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తోంది. వాడి చొక్కా పట్టుకుంటే మోచేత్తో నా ఛాతీ మీద పొడిచాడు. పక్క గదుల తలుపులన్నీ తెరుచుకుని మళ్ళీ మూసుకున్నాయి.

కింద ఇస్త్రీ అతను ఒక్కడే వచ్చాడు. కాలుతున్న ఇస్త్రీ పెట్టె ఎత్తి బావ వీపుకి ఆనించాడు. చొక్కా, తోలు కలిసి అంటుకుపోయిన వాసన వచ్చింది. అప్పుడు వదిలాడు. కుట్లు వేసిన దవడతో వాడి మాట ఇప్పుడు గాలిలా వస్తుంది, అలాగే అన్నాడు. "నీ మనవడు వచ్చే రోజు జైలు గేటు దగ్గరే ఉంటా ముసలిదానా. వాడు నాకు దవడ ఇచ్చాడు, నేను వాడికి కొక్కెం ఇస్తా. వచ్చి చూసుకో."

పోలీసు స్టేషన్‌కి వెళ్ళాం. అక్క గడ్డానికి కుట్లు, నోరు తెరవలేదు. అక్కడ రాసుకునే అతను "మొగుడూ పెళ్ళాల గొడవా?" అన్నాడు. కాదు బాబూ, చంపుతానంటున్నాడు అన్నాను. "చంపాక రండి" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

ఇదంతా చదివి నువ్వేం చేస్తావో నాకు తెలుసు. అందుకే దాచాను. నీ కాళ్ళు పట్టుకుంటానురా. గేటు దగ్గర వాడు కనబడినా చూడనట్టు వచ్చెయ్. మనం ఊరు మారిపోదాం. కంప్యూటరు చిన్నదే, మోసుకుపోవచ్చు.

ఆ పవర్ సప్లై తిరిగి ఇవ్వబోతే బండివాడు "సిమెంటని ఎవడు చెప్పాడు, నువ్వు ఇంజనీరువా?" అని నా ఒళ్ళోకి గిరాటేశాడు. మంచిది కొనే వరకూ మంచం కింద పెట్టాను, కరెంటుకి దూరంగా.

అమ్మమ్మ

*

సెంట్రల్ జైలు,
ఒంటరి గది

అమ్మమ్మా,

ఇంకేమీ కొనకు. ఉన్నవి కళ్ళజోడుకి అమ్మెయ్. ఆ డబ్బుతో అక్కని తీసుకుని ఎక్కడికైనా వెళ్ళిపో. నాకు ఆ పెట్టె అవసరం ఉండదు.

గడ్డం ఎన్ని మెట్లకి తగిలిందో లెక్క నేను చూసుకుంటాను. వాడు గేటు దగ్గరికి రానక్కర్లేదు. నేనే వెళ్తాను. మా షెడ్డులో

█████████████████████
█████████████████████

నా కోసం ఏడవకు. నేను ఇలాగే పుట్టాను అనుకో.

బుడ్డోడు

(ఎర్ర సిరాతో:) ఈ రెండు వరసలు నేనే కొట్టేశాను. అవి మీరు చదవకపోవడమే మంచిదమ్మా. బయటికి వెళ్ళాక వీణ్ణి ఆపే అధికారం నాకు లేదు.

*

మహిళల జైలు,
రిమాండు గది

బుడ్డోడా,

పైన అడ్రసు మారింది చూశావు కదా. కంగారు పడకు, కూర్చుని చదువు. ఆఫీసరు బాబూ, ఇందులో మీకు కొట్టేయాలనిపించేవి ఉంటాయి. కొట్టేసేముందు వాణ్ణి ఒక్కసారి చదవనివ్వండి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

నీ ఉత్తరం చదివి అక్క ఏమందో తెలుసా? "అమ్మొద్దు అమ్మమ్మా, బిగిద్దాం. వెలుగుతున్నది చూస్తే వాడి మనసు మారుతుంది" అంది. నీ కాగితం ముందు పెట్టుకుని నేల మీద కూర్చుంది. బోర్డు పెట్టెలోకి దించింది. ప్రాసెసరు దానంతట అదే గుంటలో కూర్చుంది, నొక్కనే లేదు. ర్యామ్ టక్కుమంది. ఆ చప్పుడుకి అది నవ్వింది. కుట్లు లాగుతాయని గడ్డం పట్టుకుని నవ్వింది. ఎన్నాళ్ళయిందో దాని నవ్వు విని. నేను కొత్త వైరు ఏది పాత వైరు ఏది అని వేరు చేస్తున్నాను. మంచి పవర్ సప్లై కళ్ళజోడు మర్నాడు తెస్తానన్నాడు. సింహం బొమ్మది నా పక్కనే ఉంది.

బావ ఈసారి తలుపు వైపు రాలేదు. డాబా మీద నుంచి వెనక కిటికీలోకి దిగాడు. దిగుతూనే కార్డు మీద కాలు వేశాడు. దాని ఫ్యాను నుజ్జయింది. "తమ్ముడికి బొమ్మలు కడుతున్నావా?" అని తెర వైరు పీకి అక్క మెడకి రెండు చుట్లు వేసి మోకాలు వీపున పెట్టి లాగాడు. దాని మడమలు నేలకేసి కొట్టుకున్నాయి. నాలుక బయటికి వచ్చింది. కళ్ళలో తెల్లదనమే మిగిలింది. నేను అరిచాను, కొరికాను, వాడికి చీమ కుట్టినట్టు కూడా లేదు.

నా చేతికి ఆ వైర్ల జడ తగిలింది. రెండు చేతులా పట్టుకుని తిప్పి కొట్టాను. చెవి వెనక తగిలింది. కుండ పగిలినట్టు చప్పుడైంది. వాడు వైరు వదిలేసి మోకాళ్ళ మీద పడ్డాడు. అక్క పక్కకి దొర్లి ఊపిరి పీల్చింది. ఎంత వికారంగా పీల్చిందో, ఎంత హాయిగా వినబడిందో.

లాయరమ్మ ఇక్కడితో ఆపమంది. ఒక్క దెబ్బ అని చెప్పండి, మనవరాలి ప్రాణం కోసం కొట్టారు, బయటపడతారు అంది. మంచి పిల్ల. పోలీసులకి అలాగే చెప్పాను. నీకు మాత్రం అలా రాయలేను.

వాడు లేవలేకపోతున్నాడు. కొక్కెం కిటికీ దగ్గరే ఉండిపోయింది, అందదు. చెవిలోంచి నెత్తురు మెడ మీదికి కారుతోంది. తలెత్తి నన్ను చూసి, ఊడిన పళ్ళ సందుల్లోంచి "నువ్వా ముసలిదానా?" అని నవ్వాడు. ఇస్త్రీ అతను మెట్లెక్కి వస్తున్న అడుగుల చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. తలుపు తీస్తే సరిపోయేది. వాణ్ణి పట్టుకునేవాళ్ళు, ఆసుపత్రిలో వేసేవాళ్ళు, కుట్లు వేసేవాళ్ళు. వానలు మొదలయ్యేసరికి మళ్ళీ నడిచేవాడు. నువ్వు గేటు దాటి వాడి దగ్గరికి వెళ్ళేవాడివి.

రెండోసారి తిప్పి కొట్టాను. నెత్తి మీద. ఆ దెబ్బకి రేకు పగిలి సిమెంటు ముక్క నా కాళ్ళ దగ్గర పడింది. నువ్వు చెప్పింది నిజమే, లోపల ఇంకేమీ లేదు. వాడి మొహం బోర్డు డబ్బా మీద ఉంది. ఇంక కదల్లేదు.

మొదటి దెబ్బ అక్క కోసం. రెండోది నీ కోసం. దానికి నాకు ఏ శిక్ష వేసినా వేయనీ. నన్ను క్షమించమని అడగడం లేదు, మెచ్చుకోమనీ అడగడం లేదు. వాడి తల్లి ఇక్కడికి వచ్చి కమ్మీల అవతల నుంచి నా మొహం మీద ఉమ్మింది. తుడుచుకోలేదు. ఆమె కొడుకు కదా.

ఇక్కడ నాకు దెబ్బలేమీ తగలడం లేదు, భయపడకు. మా గదిలో ఒక పెద్ద పిల్ల నా దుప్పటి లాక్కుపోయింది. నేను ఎందుకొచ్చానో దానికి ఎవరో చెప్పారు. తెచ్చి కప్పి వెళ్ళింది. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ బాగానే ఉన్నాయట, పోలీసులు తిరిగిచ్చారు. కార్డు పోయింది. కార్డు లేకుండా తెర వెలగదని కళ్ళజోడు అన్నాడు. ఆ ప్రాసెసరు రకం అలాంటిదట. నువ్వు పనిలో చేరి నెమ్మదిగా కొనుక్కో, తొందరేం లేదు. శవాల ఆట వద్దురా. ఇంకేదైనా ఉంటే చూడు, బండ్లు తోలేదో, ఇళ్ళు కట్టేదో.

గేటు బయట నీ కోసం ఎవడూ నిలబడి ఉండడు. ఐసు ఫ్యాక్టరీ వైపు నీకింక పనిలేదు. బస్సెక్కి తిన్నగా ఇంటికి వెళ్ళు. నన్ను చూడటానికి ఆ రోజే పరిగెత్తుకు రాకు, అక్క ఒక్కతే ఉంది. అది ఇప్పుడు కిటికీ మూసుకుని, మంచం తలుపుకి అడ్డంగా జరుపుకుని కూర్చుంటోందట. మెట్లు గట్టిగా ఎక్కకు. తలుపు తట్టేముందు నేనేనక్కా అను. రెండు మూడుసార్లు అను, దానికి నమ్మడానికి కాస్త సమయం పడుతుంది.

అమ్మమ్మ